ట్రెయిలర్‌లో వేడినీళ్లు: హీటరా, గిన్నెతో సరిపెట్టుకోవడమా?

అమెరికాలో చిన్న క్యాంపింగ్ ట్రెయిలర్ కొన్న మనవాళ్లను ముందుగా పట్టుకునే ప్రశ్న స్నానమే.

ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే హీటర్ ఉంటే కుళాయిలోనే వేడినీళ్లు. ఎక్కువగా కనిపించేది 6 గ్యాలన్ల ట్యాంకు, అంటే సుమారు 23 లీటర్లు. నీళ్ల బరువే 23 కిలోలు. బిగించాలంటే ట్రెయిలర్ పక్కగోడ కోయాలి, పొగ బయటికి పోయే దారి పెట్టాలి. గ్యాస్ లైను జోలికి మనం పోకపోవడమే మేలు. చలికాలం ముందు ట్యాంకు ఖాళీ చేయకపోతే నీళ్లు గడ్డకట్టి పగలొచ్చు. బ్యాటరీతో కాచుకోవచ్చుగా అంటారు కొందరు. 12 వోల్టుల చిన్న బ్యాటరీకి అంత శక్తి ఎక్కడిది?

పొయ్యి మీద గిన్నెలో కాచుకునే సంగతి చూడండి. మరిగిన నీళ్లు 3 లీటర్లు, 15 డిగ్రీల చన్నీళ్లు 7 లీటర్లు కలిపితే సుమారు 40 డిగ్రీల వేడితో 10 లీటర్లు. బకెట్టు, చెంబు అలవాటున్న మనకు తలంటుకైతే చాలదేమో గానీ, మామూలు స్నానానికి ఎక్కువే! షవర్ కిందైతే అవి రెండు నిమిషాలకే అయిపోతాయి. చెంబు స్నానంతో వాడిన నీళ్ల ట్యాంకూ తొందరగా నిండదు. పొయ్యి మాత్రం బయటే వెలిగించండి, మూసిన ట్రెయిలర్‌లో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

వారాంతపు ప్రయాణాలకు నా ఓటు గిన్నెకే. స్టేట్ పార్కుల్లో చాలాచోట్ల షవర్లు ఎలాగూ ఉంటాయి. చంటిపిల్లలతోనో పెద్దవాళ్లతోనో, షవర్లు లేని నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో వారాల తరబడి ఉండేవాళ్లు మాత్రం హీటర్ పెట్టించుకోండి. కొత్త ట్రెయిలరైతే కొనేటప్పుడే అడిగితే గోడ కోసే పని తప్పుతుంది.