వైజాగ్‌లో ఇంపోర్ట్ పీసు కెమెరా కొన్నాను, ఏడాది వాడాక నా రివ్యూ

షాపు పేరు రాయట్లేదండీ, నాకు కావాల్సింది వాళ్ళ గొడవ కాదు, పెళ్ళిళ్ళ సీజన్ ముందు ఇంపోర్ట్ పీసు (కంపెనీ డీలర్లు కాకుండా బయటివాళ్ళు వేరే దేశం నుంచి తెచ్చి అమ్మే కెమెరా) తీసుకుందామా వద్దా అని ఆలోచిస్తున్న మన వాళ్ళకి అసలు విషయం ముందే తెలియాలి, అందుకే రాస్తున్నా.

నేను ఎనిమిదేళ్ళ నుంచి పెళ్ళిళ్ళు, ప్రీ వెడ్డింగ్‌లు తీస్తున్నాను, సగం షూట్లు యారాడ, భీమిలి, రుషికొండ బీచుల్లోనే ఉంటాయి. కిందటి కార్తీకంలో పాత క్రాప్ బాడీ (ఫోటో పట్టే సెన్సార్ చిన్నగా ఉండే కెమెరా) పక్కన పెట్టి ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి (పెద్ద సెన్సార్ ఉండి లోపల అద్దం లేనిది) వెళ్దామని తిరిగితే ఆథరైజ్డ్ డీలర్ దగ్గర బాడీ ఒక్కటే, అంటే లెన్స్ లేకుండా, 1,58,000 చెప్పారు, ఈ షాపులో అదే మోడల్ సీల్ బాక్సు 1,29,000. మా ఆవిడ గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టి కొంటున్నప్పుడు 29 వేలు అంటే మాటలు కాదు కదా, రెండు బ్యాటరీలు, రెండు మంచి మెమరీ కార్డులు, ఇంకా మిగులుతుంది. షాపాయన "తమ్ముడూ, ఒకటే ఫ్యాక్టరీ, ఒకటే పీసు, ట్యాక్స్ ఒక్కటే తేడా, ఇంటర్నేషనల్ వారంటీ ఉంది, పైన మన షాపు వారంటీ ఏడాది, ఏమొచ్చినా నేనున్నాను" అన్నాడు. 79 వేలు ఎకౌంట్‌కి కొట్టి మిగతాది క్యాష్ ఇచ్చాను. బిల్లు అడిగితే ఎస్టిమేట్ కాగితం మీద మోడల్ పేరు, రేటు రాసిచ్చాడు, జీఎస్టీ నంబరూ లేదు, బాడీ సీరియల్ నంబరూ లేదు.

ముందు మంచి చెప్తాను. పీసు డూప్లికేట్ కాదు, సెకండ్ హ్యాండూ కాదు. ఈ ఇంపోర్ట్ పీసుల్నే గ్రే మార్కెట్ సరుకు అంటారు, గ్రే మార్కెట్ అంటే దొంగ సరుకు అనుకుంటారు చాలామంది, అది కాదు, కంపెనీ వేరే దేశంలో అమ్మడానికి పంపిన అసలు సరుకునే కంపెనీతో సంబంధం లేని వాళ్ళు కొని ఇక్కడికి తెచ్చి అమ్ముతారు. మూడు నెలలు చక్కగా పనిచేసింది, మాఘంలో ఆరు పెళ్ళిళ్ళు బుక్ అయితే రెండు దీంతోనే తీశాను, కలర్స్ చూసి పెళ్ళికొడుకు వాళ్ళ అక్క ఫోన్ చేసి మరీ మెచ్చుకుంది.

మూడో పెళ్ళి భీమిలి దగ్గర, తెల్లవారుజామున ముహూర్తం. అడ్డుతెర పట్టుకున్నారు, జీలకర్ర బెల్లం పెట్టే టైమ్, బర్స్ట్ (వరసగా టకటకా ఫోటోలు తీసేది) నొక్కాను, టక్కుమని ఒక సౌండ్ వచ్చి స్క్రీన్ నల్లగా అయిపోయి ఆఫ్ చేసి ఆన్ చెయ్యమని మెసేజ్. చేశాను, మళ్ళీ అదే. లెన్స్ తీసి చూస్తే సెన్సార్ ముందు షట్టర్ రేకు ఒకటి ఏటవాలుగా ఊడి అడ్డంగా పడి ఉంది. చేతులు వణికాయండీ. మా అసిస్టెంట్ కుర్రాడు పాత క్రాప్ బాడీ బ్యాగులో వేసుకొచ్చాడు కాబట్టి ఆ పెళ్ళి గట్టెక్కింది, లేకపోతే ఆ అమ్మాయి జీవితంలో మళ్ళీ రాని ఆ రెండు నిమిషాలు నా వల్ల పోయేవి, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మర్నాడు ఆ కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి సీరియల్ నంబర్ కొట్టి, కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పి, "సార్, ఇది ఇండియా పీసు కాదు, వారంటీలో తీసుకోలేం, పెయిడ్ రిపేర్ అయితే 21,400 ప్లస్ జీఎస్టీ" అంది, మర్యాదగానే చెప్పింది. బాక్సులో ఉన్న వారంటీ కార్డు చూపిస్తే అది వేరే దేశానిది, ఇక్కడి కంపెనీ పేరు ఎక్కడా లేదు. అప్పుడు అర్థమైంది నాకు, వారంటీ అనేది కెమెరాకి అతుక్కుని వచ్చేది కాదు, ఆ దేశంలో సరుకు దించి అమ్మే కంపెనీ ఇచ్చే మాట అది. ఇక్కడి కంపెనీ అమ్మని పీసుకి ఇక్కడి కంపెనీ ఎందుకు పూచీ ఉంటుంది? కొన్ని బ్రాండ్లు కొన్ని వస్తువులకి అన్ని దేశాల్లో చెల్లే వారంటీ ఇస్తాయి గానీ అది కార్డు మీద అచ్చులో రాసి ఉండాలి, షాపాయన నోటి మాట లెక్కలోకి రాదు. ఇక్కడ కనీసం డబ్బులిస్తే చేస్తామన్నారు, అమెరికాలో నికాన్ అయితే గ్రే పీసుకి డబ్బులిచ్చినా రిపేర్ చెయ్యమని తెగేసి చెప్తుంది.

షాపుకి వెళ్తే ఆయన "ఇక్కడ ఇచ్చెయ్ తమ్ముడూ, వారంలో వచ్చేస్తది" అని చెన్నైలో ఎవరో మెకానిక్‌కి పంపాడు. 47 రోజులు పట్టింది. మధ్యలో నాలుగు పెళ్ళిళ్ళకి రెండేసి రోజులు బాడీ అద్దెకి తెచ్చా, రోజుకి 1,800 లెక్కన 14,400. తీరా వచ్చాక స్పేర్ పార్టుకి 6,500 కట్టమన్నాడు, షాపు వారంటీ అంటే లేబర్ ఒక్కటేనట, ఆ ముక్క కొన్న రోజు అనలేదు. గ్రిప్ రబ్బరు ఒక మూల లేచి ఉంది, కింద ఒక స్క్రూ వేరే రంగుది, ఏ పార్టు వేశారో రాసిన కాగితం లేదు. 29 వేలు మిగిలాయనుకున్న దాంట్లో 20,900 పోయాయి, 47 రోజుల టెన్షన్ పైన.

ఇంకో లెక్క గాజువాకలో స్టూడియో ఉన్న మా ఫ్రెండ్ చెప్పాడు, అది విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. వాడికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. కెమెరా మీద ఇప్పుడు జీఎస్టీ 18 శాతం, 2019 జనవరికి ముందు 28 ఉండేది. 1,58,000లో ట్యాక్స్ ముక్క దాదాపు 24,100, ట్యాక్స్ ఇన్వాయిస్ ఉంటే అది వాడికి ఇన్‌పుట్ క్రెడిట్ కింద, అంటే వాడు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గి, సర్దుబాటు అయిపోతుంది, అంటే వాడికి పడేది 1,33,900. నా కచ్చా కాగితం పీసు 1,29,000. ఐదు వేలు కూడా తేడా లేదు! నాకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి నా లెక్క వేరు అనుకోండి, కానీ ఉన్నవాళ్ళు ఇంపోర్ట్ పీసు వైపు చూడటం నాకు అర్థం కాదు. ఇన్సూరెన్స్ వాడికి చూపించాలన్నా ఆ ఇన్వాయిసే కావాలి.

అలాగని కంపెనీ వారంటీ ఉంటే అన్నీ చూసుకుంటారు అనుకోవద్దు. మన ఊళ్ళో కెమెరాని తినేది ఉప్పు గాలి, చెమ్మ. యారాడ ఇసుక లెన్స్ రింగ్‌లో దూరినా, అల తగిలి తడిసినా, వానాకాలం బ్యాగులో వదిలేస్తే లెన్స్‌లో ఫంగస్ పట్టినా, కింద పడినా, ఏ వారంటీలోనూ రాదు, చెమ్మకి, ఫంగస్‌కి డ్రై క్యాబినెట్టే (లోపల చెమ్మ చేరనివ్వని పెట్టె) మందు. వారంటీ పనికొచ్చేది షట్టర్, బోర్డు, సెన్సార్ కదిలే మెకానిజం లాంటివి వాటంతట అవి పోయినప్పుడు. అందుకే నా మాట: బాడీ మాత్రం ఇంపోర్ట్ వద్దు. లెన్స్ అయితే, అందులోనూ ఫిక్స్‌డ్ ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) అయితే, తేడా బాగా ఉంటే, పోతే మన జేబులోంచే అని ముందే మనసులో అనుకుని తీసుకోండి. అదే షాపులో కొన్న 85 ఎంఎం ప్రైమ్ లెన్స్ నా దగ్గర బంగారంలా పనిచేస్తోంది.

కొనేటప్పుడు బాక్సు నాలుగు పక్కలా చూడండి, ఇక్కడికి దించిన కంపెనీ పేరు, అడ్రసు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉండాలి, ప్యాక్ చేసి అమ్మే దిగుమతి సరుకు మీద అది రూలు. నా బాక్సు మీద అది లేదు, నేనే చూసుకోలేదు. బాక్సు మీద నంబరూ బాడీ కింద నంబరూ ఒకటేనా చూడండి. ఛార్జర్ పిన్ను గుండ్రంగా కాకుండా చదునుగా ఉండి అడాప్టర్ ఇస్తున్నారంటే అడగండి ఎక్కడిదని. జపాన్ కోసం చేసిన సోనీ బాడీల్లో చాలా వాటికి మెనూ జపనీస్ తప్ప ఇంకో భాష ఉండదు, ముహూర్తం టైమ్‌లో ఆ మెనూతో ఏం చేస్తాం చెప్పండి. తెల్ల బాక్సులో విడిగా ఇచ్చే లెన్సులు చాలావరకు కిట్‌లోంచి (బాడీ, లెన్స్ కలిపి అమ్మే సెట్) తీసినవి, వాటి బిల్లు ఎవరి పేరు మీద ఉందో అడగండి.

చట్టం సంగతి కూడా చెప్తా. ఇంపోర్ట్ పీసు అమ్మడమే తప్పు కాదు, 2012లో ఢిల్లీ హైకోర్టు శాంసంగ్ ప్రింటర్ల కేసులో అమ్ముకోవచ్చు అంది, కానీ ఇది దిగుమతి సరుకు, కంపెనీ వారంటీ లేదు, సర్వీసు మాదే అని షాపులో కనపడేలా బోర్డు పెట్టాలి అని కూడా అంది. నా బాధంతా అక్కడే. ఆయన "వారంటీ లేదు తమ్ముడూ, అందుకే తక్కువ" అని ఉంటే నేను ఆలోచించుకునేవాణ్ణి, ఇంటర్నేషనల్ వారంటీ అని చెప్పి అమ్మాడు.

ఆ 6,500 తిరిగొచ్చింది లెండి. కొన్న రోజు ఆయన వాట్సాప్‌లో "వన్ ఇయర్ ఫుల్ వారంటీ" అని పెట్టిన మెసేజ్ ఉంది, ట్రాన్స్‌ఫర్ చేసిన రసీదు ఉంది. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, ఆ రెండూ పట్టుకుని షాపుకి వెళ్ళి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తానని నెమ్మదిగానే చెప్పా. ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు, వ్యాపారం కోసం కొన్నవి తీసుకోరు గానీ నాలాగా సొంతంగా కష్టపడి పొట్ట పోసుకునేవాళ్ళకి మినహాయింపు ఉంది. సాయంత్రానికి డబ్బులు పంపాడు. అద్దె డబ్బులు మాత్రం అడిగినా ఇవ్వలేదు.

రేటుకి నాలుగు స్టార్లు, మాట తీరుకి మూడు, వారంటీకి ఒకటి.

మొన్న దీపావళి ఆఫర్‌లో రెండో బాడీ డీలర్ దగ్గర 1,51,000కి తీసుకున్నా. ఇన్‌వాయిస్ మీద సీరియల్ నంబర్ వేయించుకుని, బాడీ తిప్పి ఒక్కో అంకె కలిపి చూసుకుని, అక్కడే కౌంటర్ దగ్గర నిలబడి కంపెనీ సైట్‌లో రిజిస్టర్ చేసి, మెయిల్ వచ్చాక షాపులోంచి బయటికొచ్చాను.