కాసిల్‌టన్‌లో ఒక్కరోజు: కొండెక్కడం మేలా, గుహలోకి దిగడం మేలా?

కాసిల్‌టన్ వెళ్తున్నాం, ఏం చూడాలి అని అడిగేవాళ్ళని నేను ముందుగా అడిగేది ఒకటే: మీ వెంట ఎవరొస్తున్నారు? మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలా, ఆరేళ్ళ పిల్లలా, నడకంటే ప్రాణమిచ్చే స్నేహితులా? దాన్నిబట్టే జవాబు మారిపోతుంది.

ఊరు చిన్నది. ఇంగ్లాండ్‌లోని డెర్బీషైర్‌లో, 1951లో ఏర్పడిన పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్‌లో ఉంది. బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్క్ ఇదే. ఈ చివరి నుంచి ఆ చివరికి పది నిమిషాల్లో నడిచేయొచ్చు గానీ, చుట్టూ టికెట్ పెట్టి చూపించే గుహలు నాలుగు, కొండమీద ఓ కోట, ఊరికి వాయవ్యంగా మామ్ టార్ కొండ ఉన్నాయి. ఒక్కరోజులో అన్నీ చూసేద్దామని బయల్దేరినవాళ్ళు ఏదీ సరిగ్గా చూడకుండానే తిరిగి రావడం నేను చాలాసార్లు చూశాను. ఒక గుహ, ఒక నడక. అంతకు మించి పెట్టుకోవద్దు.

ముందు గుహల సంగతి. ఊరికి దక్షిణాన, పడమరన ఉన్నది సున్నపురాయి. వాన నీళ్ళు లక్షల ఏళ్ళుగా దాన్ని కరిగించుకుంటూ పోవడం వల్ల గుహలన్నీ ఆ వైపే పడ్డాయి. బొర్రా, బెలుం చూసిన మన కళ్ళకి ఇక్కడి గుహలు పరిమాణంలో ఆనవు. వేలాడే రాతి ధారలే చూడాలనుకుంటే ట్రీక్ క్లిఫ్ బాగుంటుంది. 1926లో గని పనివాళ్ళు రాయి పేలుస్తుంటే లోపలి గదులు బయటపడ్డాయి. అందంగానే ఉంటాయి, కానీ బొర్రాలో తలెత్తి చూసినప్పటి ఆశ్చర్యం ఇక్కడ కలగదు. బ్లూ జాన్ గుహలో ఊదా, పసుపు చారలున్న ఆ పేరుగల రాయి గోడల్లోనే కనిపిస్తుంది. ఆ రాయి ప్రత్యేకమే, కానీ 245 మెట్లు దిగాలి, మళ్ళీ అన్నీ ఎక్కాలి. పెద్దవాళ్ళతో అస్సలు వద్దు.

స్పీడ్‌వెల్‌లో వందకు పైగా మెట్లు దిగి పడవెక్కాలి. సీసం కోసం 18వ శతాబ్దంలో తవ్విన సొరంగం అది. నీళ్ళు నిండిన ఆ ఇరుకు దారిలో పడవ వెళ్తుంటే కప్పు తలకి తగులుతుందేమో అనిపిస్తుంది. పిల్లలకి పండగే. ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు.

నన్నడిగితే నాలుగింటిలో పీక్ కావర్న్ మేలు. ఊళ్ళోంచే నడిచిపోవచ్చు. దాని ముఖద్వారం ఎంత పెద్దదంటే, ఒకప్పుడు అందులోనే ఇళ్ళు కట్టుకుని మనుషులు కాపురాలు చేశారు. తాళ్ళు పేనేవాళ్ళు వాళ్ళు. వందల ఏళ్ళపాటు అక్కడే తాడు పేని గనులకి అమ్మారు. కప్పుకేసి చూస్తే వాళ్ళ పొయ్యిల మసి ఇప్పటికీ నల్లగా కనిపిస్తుంది. గైడ్ పిల్లల్ని పిలిచి పోగులు పట్టించి, చక్రం తిప్పి తాడు పేని చూపిస్తారు. గైడ్ ఇంగ్లీషులో చెప్పింది ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా అమ్మ, "మూడు పోగులు ఎదురు తిప్పితే గాని నిలవదు, మా తాతా ఇలాగే పేనేవాడు" అంది. ఆవిడకి ఆ రోజు మొత్తంలో నచ్చింది అదే. లోపల ఒకచోట బాగా వంగి నడవాలి. నడుం పట్టేసినవాళ్ళు ముఖద్వారం దగ్గరే ఆగిపోయినా నష్టం లేదు. లోపల ఏడాది పొడవునా చలే, ఆగస్టులోనైనా స్వెటర్ ఉండాల్సిందే.

ఇక కొండ. మామ్ టార్ ఎత్తు 517 మీటర్లు. పైన పురాతన కోటగట్టు ఆనవాళ్ళున్నాయి. ఎక్కడానికి రెండు దారులు చెప్తాను. ఒకటి, కారు కొండ పక్కనే ఉన్న మామ్ నిక్ పార్కింగులో పెట్టి రాతి మెట్లమీదుగా పైకి పోవడం. పావుగంట, ఇరవై నిమిషాల పని. పిల్లలున్నవాళ్ళకి ఇదే సరి. అయితే ఎండ కాసిన ఆదివారం పదింటికల్లా అక్కడ కారు పెట్టడానికి చోటు దొరకదు.

రెండోది రైల్లో వెళ్ళడం. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య నడిచే స్థానిక రైలెక్కి ఈడేల్ అనే ఊళ్ళో దిగాలి. అక్కడి నుంచి పొలాల మధ్యగా హాలిన్స్ క్రాస్ అనే కనుమ ఎక్కి, కుడికి తిరిగి కొండ వెన్నుమీదుగా మామ్ టార్ చేరి, అవతలివైపు కాసిల్‌టన్‌కి దిగడం. మొత్తం ఏడెనిమిది కిలోమీటర్లు. ఈడేల్‌కి సొంత చర్చి లేని రోజుల్లో అక్కడివాళ్ళు చనిపోయినవారిని ఈ కనుమ మీదుగానే కాసిల్‌టన్‌కి మోసుకొచ్చేవారు. ఆ ఎక్కుడు మీద రొప్పుతూ ఆగినప్పుడల్లా నాకు ఆ మోసేవాళ్ళే గుర్తొస్తారు. నడవగలిగితే ఈ దారే ఎంచుకోండి. కారుతో వెళ్తే మళ్ళీ కారు దగ్గరికే రావాలి. రైలుతో వెళ్తే ఒక లోయలో మొదలుపెట్టి ఇంకో లోయలో తేలతారు.

దిగేటప్పుడు మాత్రం తప్పకుండా పాడైన రోడ్డు మీదుగా దిగండి. మామ్ టార్ తూర్పు ముఖం షేల్ (పలకల్లా విడిపోయే మెత్తని రాయి), ఇసుకరాయి పొరలు. బాగా వానలు పడ్డప్పుడు జారుతుంది, అందుకే దాన్ని వణికే కొండ అంటారు. దాని అడుగున వేసిన పెద్ద రోడ్డుని ఏళ్ళ తరబడి బాగుచేసి, చేసి, చివరికి 1979లో శాశ్వతంగా మూసేశారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కొండ ఎక్కక్కర్లేదు, కింద ట్రీక్ క్లిఫ్ వైపు రోడ్డు ఆగిపోయే చోటి నుంచి కాస్త నడిస్తే ఇక్కడికి చేరొచ్చు. మా నాన్న రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నిలువునా విరిగిపోయిన తారు అంచు దగ్గర గొంతుక్కూర్చుని, పొర మీద పొరని వేలితో తడుముతూ లెక్కపెట్టారు. "ఎన్నిసార్లు పోశారో చూడరా. కింద మట్టే కదులుతుంటే పైన ఎంత పోసి ఏం లాభం" అన్నారు. తెల్లగీత సగంలో తెగి, మిగతా సగం మనిషెత్తు కిందకి దిగిపోయి ఉంది. అరగంట దాకా ఆయన అక్కడి నుంచి కదల్లేదు.

పెవెరిల్ కోట ఎక్కాలా అని కూడా అడుగుతారు. 1176 ప్రాంతంలో ఇంగ్లాండ్ రాజు రెండో హెన్రీ కట్టించిన బురుజు నిలిచి ఉంది. దారి పొట్టిదే కానీ నిట్టనిలువు. మామ్ టార్ ఎక్కినవాళ్ళు దీన్ని వదిలేయొచ్చు. కొండ ఎక్కలేదంటే మాత్రం ఆ కొండ వెన్ను మొత్తం ఒక్కచూపులో కనిపించేది ఇక్కడి నుంచే. కోట వెనకాల కేవ్ డేల్ అనే ఇరుకు లోయ చాలా బాగుంటుంది, ఎండిన రోజైతేనే. ఒక నవంబరు సాయంత్రం వానలో అందులోంచి దిగుతూ, నున్నగా అరిగిన సున్నపురాయి మీద రెండుసార్లు పడ్డాను. నాలుగున్నరకల్లా చీకటి పడింది, చేతిలో టార్చి లేదు. చలికాలంలో అటు పోవద్దు.

కాసిల్‌టన్‌లో రైల్వే స్టేషన్ లేదు. తిరుగు ప్రయాణానికి హోప్ స్టేషన్ దాకా బస్సులో పోవచ్చు, ఆదివారం బస్సులు తక్కువ కాబట్టి పొద్దున్నే టైములు చూసి పెట్టుకోండి. నడిస్తే ముప్పావుగంట, వాగు పక్కనే చదును దారి. గొర్రెలుండే పొలాల మీదుగా పోతుంది, గేటు తీసినవాళ్ళు తప్పకుండా వేసి వెళ్ళాలి. మేం పులిహోర పొట్లాలు విప్పేది ఆ వాగు గట్టునే.