నాన్నకు బర్బన్: కొన్నేళ్ళ వాడకం తర్వాత రస్సెల్స్ రిజర్వ్ పదేళ్ళది

ముందే తేల్చి చెప్పేస్తాను. మీ నాన్నకు మందు అలవాటు ఉండి, మంచి వయసున్న బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) ఒకటి కొనివ్వాలనుకుంటే, రస్సెల్స్ రిజర్వ్ పదేళ్ళ సీసాతో మొదలుపెట్టండి. ఇది మరీ ఖరీదైనది కాదు, వెతికి వెతికి అలసిపోయేంత అరుదైనదీ కాదు. ఇంతకంటే గొప్ప సీసాలున్నాయి, కొన్ని నేనూ కొన్నాను. కానీ హన్మకొండలో మా నాన్న తనంతట తాను మూత తీసి, స్నేహితులకు పోసి, అయిపోయాక "బిడ్డా, గదే తే మల్ల" అని అడిగినది ఇదొక్కటే. నాన్నలకిచ్చే సీసాకు అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

నేనుండేది కెంటకీలోని లూయీవిల్‌లో. అమెరికాలో తయారయ్యే బర్బన్‌లో చాలా భాగం ఈ ఒక్క రాష్ట్రంలోనే పుడుతుంది. అందుకని సెలవులకు ఇంటికెళ్ళినప్పుడల్లా ఏదో ఒక సీసా సూట్‌కేసులో పడుతుంది. కూతురు తండ్రికి మందు మోసుకొచ్చే రోజులొచ్చాయని అమ్మ మొదట్లో గొణిగేది. ఇప్పుడు ఖాళీ సీసాలో మనీప్లాంట్ పెట్టుకుంటోంది.

అసలు చిక్కు వయసు అంకెతో, అంటే మందు పీపాలో ఊరిన ఏళ్ళ లెక్కతో వస్తుంది. మన ఇళ్ళలో ఫారిన్ మందంటే స్కాచ్. అందులోనూ అంకెను బట్టే హోదా. పన్నెండేళ్ళదంటే మంచిది, పద్దెనిమిదేళ్ళదంటే గొప్పది, ఇరవై ఒకటంటే పెళ్ళిదాకా బీరువాలోనే. మా నాన్న బ్యాచ్ అంతా రిటైరైన రైల్వేవాళ్ళు, కాజీపేట లోకో షెడ్డులో కలిసి పనిచేసినవాళ్ళు. ఈ సీసాను చేతిలోకి తీసుకోగానే వాళ్ళలో ఒక బాబాయి అడిగిన మొదటి మాట, "పదేండ్లేనా?" అని. అమెరికా నుంచి వచ్చిన బిడ్డ కనీసం పద్దెనిమిదేళ్ళదైనా తేలేదన్న బాధ అందులో స్పష్టంగా వినిపించింది.

ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. స్కాచ్ ఎక్కువగా అప్పటికే వాడిన పీపాల్లో ఊరుతుంది. అందులో బోలెడన్ని పీపాలు కెంటకీలో బర్బన్ తీసేశాక ఓడెక్కినవే. బర్బన్‌కు మాత్రం చట్టం ప్రకారం ప్రతిసారీ కొత్త ఓక్ పీపా కావాలి, దాని లోపలి గోడను మంటతో కాల్చాలి. కాలినప్పుడు చెక్కలోని చక్కెరలు పాకమవుతాయి, రంగు, తీపి, వెనీలా వాసన అక్కడి నుంచే వస్తాయి. విడిగా రంగు గానీ రుచి గానీ కలపడం నిషేధం. పైగా కెంటకీ వేసవి మండిపోతుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. వేడికి సరుకు వ్యాకోచించి చెక్కలోకి దూరుతుంది, చలికి వెనక్కి వస్తుంది. స్కాట్లండ్‌లో ఏడాది పొడవునా చల్లగా ఉండే గోదాముల్లో ఈ రాకపోకలు చాలా నెమ్మది. కాబట్టి ఇక్కడి పదేళ్ళను అక్కడి పదేళ్ళతో పోల్చడం కుదరదు. బాబాయి అంతా విని, "అట్లనా, అయితే పొయ్యి" అన్నాడు.

ఇదే కారణంగా బర్బన్‌లో మరీ ఎక్కువ వయసు నాన్నలకు పనికిరాదన్నది నా అభిప్రాయం. ఓసారి పద్దెనిమిదేళ్ళ సీసా ఒకటి కొన్నాను. దాని ధరకు ఈ పదేళ్ళవి మూడు, నాలుగు వచ్చేవి. వాసన అద్భుతం, గదంతా పరుచుకుంది. గొంతు దిగాక మాత్రం చెక్క ఒగరు చాలాసేపు నాలుక మీద నిలుస్తుంది. అది నాకు ఇష్టం. నాన్నేమో ఒక్క గుక్క తాగి, "మంచిగనే ఉంది గని, కట్టె నమిలినట్టుంది బిడ్డా" అన్నాడు. ఆ సీసా ఇంకా సగం అలాగే ఉంది. బర్బన్‌కు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మధ్యే అందమని ఇక్కడ చాలామంది అంటారు. పదిహేను దాటినవాటిలో గొప్పవి లేవని కాదు, వాటిని ఆస్వాదించడానికి ముందే కొంత అలవాటు కావాలి.

ఇక రస్సెల్స్ రిజర్వ్ సంగతి. దీన్ని వైల్డ్ టర్కీ డిస్టిలరీ చేస్తుంది. లూయీవిల్ నుంచి కారులో గంట దూరంలో, లారెన్స్‌బర్గ్ దగ్గర కెంటకీ నది ఒడ్డున ఉంటుంది. సీసా మీది రస్సెల్ అనేది తండ్రీకొడుకుల పేరు. జిమ్మీ రస్సెల్ 1954లో అక్కడ పనికి చేరాడు. కొడుకు ఎడ్డీ 1981లో చేరి, 2015లో మాస్టర్ డిస్టిలర్, అంటే తయారీ పనంతటికీ పెద్ద అయ్యాడు. మనవడు బ్రూస్ కూడా అదే పనిలో ఉన్నాడు. ఒకే చోట ఉద్యోగం చేసి రిటైరైన మా నాన్నకు రుచి కంటే ముందు ఈ కథ నచ్చింది. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్ళకు తనే చెబుతున్నాడు, సంవత్సరాలు కాస్త అటూ ఇటూ చేసి.

రంగు ముదురు తేనె రంగు. మూత తీయగానే అరిసెల పాకం పొయ్యి మీద తిరుగుతున్నప్పుడు వచ్చే వాసన, దాని వెనకే వెనీలా. నోట్లో తీపిగా మొదలవుతుంది. గింజల్లో సుమారు 75 శాతం మొక్కజొన్నే కాబట్టి ఆ తీపి సహజం. చివర్లో కాస్త రై (గోధుమలాంటి ధాన్యం) గింజ ఘాటు, దాల్చినచెక్క వేడి తగులుతాయి, పీపాను బాగా లోతుగా కాల్చడం వల్ల వచ్చే సన్నటి పొగ రుచి కూడా ఉంటుంది. వైల్డ్ టర్కీ వాళ్ళు వాడేది నాలుగో రకం కాల్పు. దాంట్లో చెక్క పైపొర మొసలి చర్మంలా పగుళ్ళు తేలుతుంది.

ఆల్కహాల్ 45 శాతం, సీసా మీద 90 ప్రూఫ్ అని ఉంటుంది. అమెరికాలో ప్రూఫ్ అంటే శాతానికి రెట్టింపు. ఈ 45 అనేది నాన్నలకు సరిగ్గా సరిపోతుంది. మన దగ్గర విస్కీలు 42.8 దగ్గర ఉంటాయి, ఆ అలవాటున్న గొంతుకు ఇది కొత్తగా అనిపించదు. పీపాలోంచి నీళ్ళు కలపకుండా నేరుగా నింపిన సీసాలు 60 శాతం పైన కూడా ఉంటాయి. బర్బన్ పిచ్చివాళ్ళకు అవే ప్రాణం, నాకూ ఇష్టమే. కానీ అరవై దాటిన మనిషికి, అదీ ఎప్పటిలాగే అరవై ఎం.ఎల్. పెగ్గు కొలిచి పోసుకునే మనిషికి, అలాంటి సీసా ఇవ్వడం మంచిది కాదు. తెలియకుండానే ఎక్కువైపోతుంది. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడే నాన్నలైతే ముందు డాక్టర్‌ని అడగండి, కానుక తర్వాత.

తాగే పద్ధతి గురించి నేనేమీ ఉపదేశాలు చేయలేదు. నాన్న మొదట సోడానే కలిపాడు, నిండా. బర్బన్ సోడాలో చెడిపోదు గానీ, పదేళ్ళ చెక్క చేసిన పనంతా బుడగల్లో కలిసిపోతుంది. తర్వాత ఓ సాయంత్రం సోడా అయిపోయి, రెండు ఐసుముక్కలు, కాసిన్ని చల్లటి నీళ్ళతో తాగాడు. అప్పట్నుంచి సగం సోడా, సగం నీళ్ళకు వచ్చాడు. ఎండాకాలం మేడ మీద కూర్చున్నప్పుడు మాత్రం మళ్ళీ నిండా సోడానే. స్టఫ్ విషయంలో ఒక మాట: ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మకాయ పిండిన పల్లీలు దీని తీపికి బాగా కుదురుతాయి. మటన్ ఫ్రై మసాలా మాత్రం దీన్ని మింగేస్తుంది.

దీనికి పోటీగా నేను తీసుకెళ్ళినవాటిలో నాబ్ క్రీక్ పన్నెండేళ్ళది గట్టిది. 50 శాతం, రుచి చిక్కగా ఉంటుంది, వేయించిన పల్లీల వాసన వస్తుంది. నాన్న గట్టి మందు ఇష్టపడేవాడైతే నేను దాన్నే కొనేదాన్ని. ధర దీనికంటే ఓ ఇరవై, పాతిక డాలర్లు ఎక్కువ. ఈగిల్ రేర్ పదేళ్ళది కూడా 45 శాతమే, ఇంకా మెత్తగా, తియ్యగా ఉంటుంది. నిజానికి కొత్తవాళ్ళకు అదే సులువు. కాకపోతే అది ఎప్పుడూ దొరకదు, దొరికినప్పుడు కొన్ని షాపులు ధర రెట్టింపు చేసి అద్దాల బీరువాలో పెడతాయి. మా ఇంటి దగ్గరి షాపొకటి అలా చేసినందుకు అక్కడికి వెళ్ళడమే మానేశాను. బ్లాంటన్స్ అందమైన సీసా. మూత మీద గుర్రం బొమ్మ, ఎనిమిది రకాల మూతల మీద ఆ పేరులోని ఒక్కో అక్షరం. కానుకగా చూడముచ్చటగా ఉంటుంది గానీ దాని మీద వయసు రాసి ఉండదు, దొరికే ధర కూడా న్యాయంగా అనిపించదు. పాపీ వాన్ వింకిల్ అనే అరుదైన బర్బన్ సంగతి అడగకండి. వేల డాలర్లు పోసి కొన్న సీసాను ఏ తెలుగు తండ్రీ మూత తీయడు.

కొనేటప్పుడు లేబుల్ మీద చూడాల్సినవి తక్కువే. వయసు అంకె ఉంటే అది సీసాలోని అన్నిటికంటే చిన్న సరుకు వయసు. పన్నెండు అని ఉంటే లోపల అంతకంటే పాతది ఉండొచ్చు, కొత్తది ఉండదు. 'స్ట్రెయిట్' అంటే కనీసం రెండేళ్ళు ఊరినది, అంకె రాయకపోతే నాలుగేళ్ళకు తక్కువ కాదు. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అని ఉంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో తీసి, ప్రభుత్వ పర్యవేక్షణలోని గోదాములో కనీసం నాలుగేళ్ళు ఉంచి, సరిగ్గా 50 శాతం దగ్గర నింపినది. 'స్మాల్ బ్యాచ్' అనే మాటకు మాత్రం చట్టంలో అర్థమే లేదు, దాన్ని చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి. ఇంకోటి, ఇదివరకెప్పుడో ఎవరో చెప్పిన పేరు పట్టుకుని వెళ్ళకండి. ఎలైజా క్రెయిగ్ స్మాల్ బ్యాచ్ అనే బర్బన్ మీద ఉండే పన్నెండు అంకె 2016లో తీసేశారు. సీసాను చేతిలోకి తీసుకుని చూసుకోవాలి.

తీసుకెళ్ళడం పెద్ద పనేం కాదు. ఇండియాలో విమానం దిగే ఒక్కో ప్రయాణికుడికి రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా వదులుతారు. అమెరికా సీసా 750 ఎం.ఎల్., అంటే మనిషికి రెండు హాయిగా పడతాయి, మూడోది పెడితే హద్దు దాటుతుంది. 70 శాతం దాటిన బర్బన్‌ను విమానంలో అసలు ఎక్కించనివ్వరు, ఇక్కడ వాటిని ముద్దుగా హజ్మత్ (ప్రమాదకర సరుకు) అంటారు. చెక్-ఇన్ పెట్టెలో సీసాను ముందు జిప్ కవర్లో వేసి, టవల్ చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పడుకోబెడతాను. అంచులకు తగలకూడదు. ఒకసారి వేరే సీసా కారి, అమ్మ కోసం కొన్న చీరలన్నీ బార్ వాసన కొట్టాయి. జిప్ కవర్ అలవాటు అప్పటిదే. డ్యూటీ ఫ్రీలో కొందామంటే స్కాచ్ వరసలు వరసలుగా ఉంటుంది, వయసున్న బర్బన్ అంత తేలిగ్గా కనిపించదు. భారత ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 నుంచి 100 శాతానికి తగ్గించింది. అయినా రాష్ట్రాల పన్నులన్నీ కలిశాక సీసా ధర ఇక్కడి ధరకు దరిదాపుల్లో ఉండదు. వచ్చేవాళ్ళతో తెప్పించుకోవడమే మేలు.

ఇచ్చాక అసలు పోరాటం మొదలవుతుంది. నాన్న సీసాను గోద్రెజ్ బీరువాలో, ఇంటి కాగితాల పక్కన దాచాడు. "మంచి టైమ్ చూసి తీద్దాం" అని. సీసాలోకి వచ్చాక విస్కీకి వయసు పెరగదు, ఆ బీరువాలో ఇంకో పదేళ్ళున్నా అది పదేళ్ళదే అని ఎన్నిసార్లు చెప్పానో. మూత తీయనంతవరకు పాడవదు, నిజమే. కానీ కార్క్ మూత కాబట్టి నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే మందు కార్క్‌ను తినేస్తుంది. ఎండ తగలకూడదు. మూత తీశాక మూడొంతులు ఖాళీ అయిన సీసాను నెలల తరబడి నాననివ్వకండి, గాలి తగిలి వాసన చప్పబడుతుంది. చివరికి రెండు సీసాలు ఇచ్చి, ఒకటి దాచుకోవడానికి, ఒకటి తాగడానికి అని చెప్పాను. ఆ పద్ధతి పనిచేస్తోంది.

ఇందులో నాకు వెలితి అనిపించేవి లేకపోలేదు. చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానుక అనగానే కళ్ళు చెదరాలనుకునే నాన్నలకు ఆనదు. ఐసు ఎక్కువైతే రుచి త్వరగా పలచబడుతుంది. బర్బన్ బాగా తెలిసిన మనిషికిస్తే, బాగుంది అంటాడు గానీ ఆశ్చర్యపోడు. అలాంటివాళ్ళకు ఇదే కుటుంబంలోని పదమూడేళ్ళది వెతకండి. 57 శాతం పైన ఉంటుంది, దొరకడం కష్టం.

ధర నేను కొన్నప్పుడల్లా 40 డాలర్లకు కాస్త అటూ ఇటూ. మీ నాన్న ఎంత చెప్పినా నిండా సోడా పోసే మనిషైతే ఆ డబ్బూ దండగే. అదే డిస్టిలరీవాళ్ళ వైల్డ్ టర్కీ 101 కొనండి. 50.5 శాతం కాబట్టి సోడాలో కలిపినా నిలబడుతుంది, ధరా తక్కువ.