పేరున్న మనిషి పోయాక బిడ్డ హక్కు: డీఎన్‌ఏనా, కాగితాలా, రాజీనా... ఏది మేలు?

ఒక నటుడో, నాయకుడో కన్నుమూసి, ‘ఈ బిడ్డ ఆయన బిడ్డే’ అంటూ ఒక తల్లి టీవీలో కనిపించిందంటే చాలు, నల్లగొండ కోర్టు దగ్గర లాయర్లమైన మాకు ఒకటే ప్రశ్న: “డీఎన్‌ఏ చేపిస్తే అయిపోదా సార్?” దేవరకొండ, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చేవాళ్లూ ఇదే అడుగుతున్నారు. అందుకే ఉన్న దారులన్నీ ఒకచోట పెడుతున్నాను.

డీఎన్‌ఏ మీద ఇంత నమ్మకం ఎందుకో నాకు తెలుసు. అమెరికాలో మోడల్, నటి అన్నా నికోల్ స్మిత్ 2007 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు ఆమె పాపకు ఐదు నెలలు. తండ్రిని నేనంటే నేనని మగవాళ్లు గొడవ పడ్డారు. ఏప్రిల్‌లో పరీక్ష ఫలితం వచ్చి లారీ బర్క్‌హెడ్ తండ్రి అని తేలింది. అంత తొందరగా తేలడానికి కారణం, అక్కడ పోయింది తల్లి, తండ్రినన్నవాళ్లు బతికే ఉన్నారు. మన దగ్గరికొచ్చే కేసుల్లో పోయింది తండ్రే. చిత్రకారుడు సాల్వడార్ డాలీ కూతురినంటూ ఒకామె కోర్టుకెక్కితే 2017లో సమాధి తవ్వి నమూనా తీశారు, ఆమె కూతురు కాదని తేలింది. మనం దహనం చేసి అస్థికలు వాడపల్లి సంగమంలో కలిపేస్తాం. ఆసుపత్రిలో నమూనా ఏదైనా దాచి ఉంటే తప్ప ఇక మిగిలేది ఆయన తల్లిదండ్రుల, అన్నదమ్ముల రక్తం. ఆస్తి ఇచ్చేది లేదని ఎదురు నిలబడ్డది వాళ్లే! కోర్టు నమూనా ఇవ్వమన్నా ఇవ్వకపోతే, నిజం దాచాలనే ఇవ్వలేదని కోర్టు వాళ్లకు వ్యతిరేకంగా అనుకోవచ్చు, అంతే. పైగా తోబుట్టువుల నమూనాతో వచ్చే ఫలితం తండ్రి నమూనాతో వచ్చినంత గట్టిగా ఉండదు. కాంగ్రెస్ నాయకుడు ఎన్.డి. తివారీ బతికుండగానే, ఆయనే నా తండ్రి అంటూ రోహిత్ శేఖర్ 2008లో వేసిన దావాలో పరీక్ష ఫలితం బయటికొచ్చేసరికి 2012 అయింది.

నా లెక్కలో కేసును తేల్చేది ఆ మనిషి బతికుండగా బిడ్డ విషయంలో ఏం చేశాడన్నదే. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు, బడి అడ్మిషన్ ఫారం మీద ఆయన సంతకం, రేషన్ కార్డు, ఎల్ఐసీ నామినేషన్, ఫోన్‌పేలో నెలనెలా పంపిన డబ్బు, ఇవి చూడాలి. ఒక తల్లి తెచ్చిన సంచిలో చెర్వుగట్టు గుడిలో బిడ్డ పుట్టెంటికలు తీసినప్పటి ఆహ్వానపత్రిక ఉంది. పసుపు మరకలతో, మడతల దగ్గర చినిగిపోయి ఉంది. పిలిచేవాళ్ల పేర్లలో మొదటిది ఆయనది, దాని కింద ఆయన తమ్ముడిది. ఇప్పుడు బిడ్డ ఎవరో తెలియదంటున్నది ఆ తమ్ముడే. అలాంటి కాగితాన్ని ముద్రించినవాళ్ల సాక్ష్యంతో కలిపి పెడితే జడ్జి తప్పక చూస్తారు. బంధువులు ఎలా మసలుకున్నారన్నది కూడా చట్టం సాక్ష్యంగా తీసుకుంటుంది.

2021లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక ఆస్తి కేసులో తల్లిదండ్రులు పోయాక అక్కచెల్లెళ్లు ‘వాడు మా తమ్ముడే కాడు, డీఎన్‌ఏ చేయండి’ అన్నారు. అతను కాగితాలు పెట్టి, పరీక్షకు ఒప్పుకోలేదు. వేరే సాక్ష్యం ఉన్నప్పుడు బలవంతంగా పరీక్ష చేయించకూడదని కోర్టు అన్నది. బిడ్డను సూది ముందు నిలబెట్టకుండానే హక్కు నిలబడొచ్చన్న ఈ మాట ప్రతి తల్లికీ తెలియాలి.

తండ్రి అని తేలాక ఆస్తి సంగతి. హిందువుల్లో మొదటి భార్య ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, ఆ రెండో భార్యకు వారసత్వం రాదు. బిడ్డకు మాత్రం వస్తుంది. తండ్రి స్వార్జితంలోనూ, పిత్రార్జితంలో తండ్రి వాటాకొచ్చే దాంట్లోనూ భాగం ఉంటుందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తేల్చింది. అసలు పెళ్లే జరగలేదంటే కష్టం. కాకపోతే ఏళ్ల తరబడి భార్యాభర్తల్లా ఉన్నారని చూపితే పెళ్లయిందనే అనుకుంటారు. స్వార్జితమంతా వేరేవాళ్లకు వీలునామా రాసి పోతే, తండ్రని నిరూపించినా దాంట్లో ఏమీ దక్కదు. కళాకారుడైతే పాటల రాయల్టీ కూడా దావాలో రాయించండి. కాపీరైట్ ఆయన పోయిన 60 ఏళ్ల దాకా ఉంటుంది.

తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ గొడవ లేనిచోట పనికొస్తుంది. ఒకరు అభ్యంతరం పెట్టారంటే కోర్టుకే పొమ్మంటారు. రాజీకి నేను వ్యతిరేకిని కాను. కానీ బిడ్డ మైనరైతే కోర్టు అనుమతి లేకుండా చేసిన రాజీని తర్వాత రద్దు చేయించుకోవచ్చు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద సంతకం పెట్టి చేతికొచ్చింది తీసుకోవద్దు.

ఒక్కచోట మాత్రం నేను డీఎన్‌ఏ వైపే ఉంటాను. బిడ్డ పుట్టేనాటికి తల్లికి వేరొకరితో పెళ్లై ఉంటే, ఆ భర్తే తండ్రి అని చట్టం అనుకుంటుంది. అప్పుడు ఎన్ని ఆహ్వానపత్రికలున్నా చాలవు. ఆ రోజుల్లో భర్తకు ఆమెతో కలిసే వీలే లేదని ముందు చూపించి, ఆ తర్వాతే పరీక్ష అడగాలి.