ఫోకస్‌రైట్ స్కార్లెట్ టూఐటూ (మూడో తరం): ఐదేండ్ల వాడకం తర్వాత

సౌండు కార్డు కొనేటోళ్లు ముందుగల్ల పెట్టె మీది అంకెలు చూస్తరు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని ఉంటే మంచిదనుకుంటరు. అవి ఇప్పుడు చవక పెట్టెల మీద గూడ ఉంటున్నయి. అసలు చూడాల్సింది డ్రైవర్, అంటే కార్డును కంప్యూటర్‌తోని నడిపించే సాఫ్ట్‌వేర్. కార్డు చెడిపోయి మూలకు పడేది తక్కువ, డ్రైవర్ రాక మూలకు పడేదే ఎక్కువ. మదర్‌బోర్డుల గుచ్చే పాత పీసీఐ కార్డులు ఎన్నో ఈ రోజుకూ మంచిగ మోగుతయి, కానీ 64 బిట్ విండోస్‌కు కంపెనీ డ్రైవర్ రాయకపోతే వాటితోని ఏం చేస్తరు?

రెండు మైకులు గుచ్చి కంప్యూటర్ల రికార్డు చేసుకునే ఈ యూఎస్‌బీ సౌండు కార్డు, టూఐటూ, ఈ పరీక్షల నెగ్గింది. ఇది యూఎస్‌బీ ఆడియో క్లాస్ 2 అనే ఉమ్మడి పద్ధతిల నడుస్తది. లైనక్స్‌ల, మ్యాక్‌ల ఏ డ్రైవర్ ఎక్కించకుండనే పలుకుతది. విండోస్‌ల గూడ 2017ల వచ్చిన విండోస్ 10 1703 వర్షన్ నుంచి ఈ పద్ధతికి సొంత డ్రైవర్ ఉన్నది. రేపు కంపెనీ చేతులెత్తేసినా పెట్టె పనికొస్తదన్నట్టు. లైన్-గిటార్ మార్చే ఇన్‌స్ట్ బటన్, గొంతుకు జర మెరుపు తెచ్చే ఎయిర్, కండెన్సర్ మైకుకు కరెంటిచ్చే 48 వోల్టుల ఫాంటమ్, అన్నీ ముందుపక్కనే ఉన్నయి, దేనికీ సాఫ్ట్‌వేర్ తెరవనక్కర లేదు. నాకు దీంట్ల అన్నిటికన్న నచ్చింది ఇదే.

విండోస్ సొంత డ్రైవర్‌తోని పాటలు వినొచ్చు, మామూలు రికార్డింగు గూడ అయితది. శబ్దం ఆలస్యం కాకుండ పంపే ఏసియో పద్ధతి మాత్రం రాదు. హెడ్‌ఫోన్‌ల ట్రాక్ వినుకుంట పాడాలంటే కంపెనీ డ్రైవర్ ఎక్కించాలె. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కసారి పట్టుకునే శబ్దం ముక్క, అది పెద్దగైతే ఆలస్యం పెరుగుతది. 48 కిలోహెర్ట్జ్ మీద 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3. పోయేదారి, వచ్చేదారి, కన్వర్టర్ సమయం కలిపితే దీనికి రెండింతలకు పైనే పడుతది. పాడేటప్పుడు 128, మిక్సింగుకు 512 పెట్టుకుంటే పని సాగుతది. గొంతు ఒక్కటే వినాలంటే డైరెక్ట్ మానిటర్ నొక్కితే చాలు, కంప్యూటర్‌తోని పని లేదు.

పటపటమని శబ్దం వస్తే కార్డును తిట్టొద్దు. ముందు ఏ డ్రైవర్ కంప్యూటర్‌ను ఆపుతున్నదో చూపే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్ పది నిమిషాలు నడపాలె. దాదాపు ఎప్పుడూ దొరికేది వైఫై డ్రైవర్, లేకుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ చూసే ఏసీపీఐ డ్రైవర్. రికార్డింగప్పుడు వైఫై బంద్ చేయాలె. పవర్ ఆప్షన్లల్ల యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ తీసేయాలె. డివైస్ మేనేజర్‌ల రూట్ హబ్‌కు కరెంటు ఆపే టిక్కు గూడ తీసేయాలె. పెట్టెకు కరెంటు యూఎస్‌బీ నుంచే వస్తది కాబట్టి చవక హబ్బుల గుచ్చితే ఫాంటమ్ వేయంగనే శబ్దం తెగిపోవచ్చు. నేరుగ కంప్యూటర్ పోర్టుకే పెట్టాలె.

ఇగ మన దగ్గర అసలు తిప్పలు ఎర్తింగుతోని. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కు నేలంత రాయి. ఎండకాలం ఎర్తు గుంత ఎండిపోతే ఎర్తు ఉన్నా లేనట్టే. అప్పుడు చార్జర్ పెట్టంగనే స్పీకర్లల్ల 50 హెర్ట్జ్ గుయ్ మొదలైతది. చార్జర్ పీకి చూడాలె, గుయ్ ఆగితే తప్పు కార్డుది కాదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీటర్‌తోని కొలిపించాలె. ఫేజుకు ఎర్తుకు మధ్య దాదాపు 230, న్యూట్రల్‌కు ఎర్తుకు మధ్య రెండు మూడు వోల్టులకు లోపల ఉండాలె. గుంతల బొగ్గు, ఉప్పు వేయించి, ఎండకాలం నీళ్లు పోస్తుండాలె. ల్యాప్‌టాప్, స్పీకర్లు ఒకే బోర్డుల గుచ్చి, స్పీకర్లకు ప్లగ్గు మీద రెండు గీతలుండే టీఆర్ఎస్ కేబుళ్లు వేస్తే సగం బాధ పోతది. గుయ్ పోతదని ప్లగ్గు ఎర్తు పిన్ను విరగ్గొట్టేటోళ్లున్నరు. అది ప్రాణాల మీదికి తెస్తది, ఎన్నడూ చేయొద్దు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డింగు వద్దు, సైన్ వేవ్ ఉంటేనే చేయాలె.

పాత క్యాసెట్లల్ల ఉన్న ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు ఎక్కించేటందుకు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ చాలు. 60 నిమిషాల క్యాసెట్టుకు ఒక జీబీకి జరంత ఎక్కువ పడుతది. 192 పెడితే నాలుగింతలైతది, చెవికి దక్కేది మాత్రం ఏం లేదు. మామూలు క్యాసెట్ల 15 కిలోహెర్ట్జ్ పైన వినదగ్గది పెద్దగ ఉండదు. క్యాసెట్ డెక్కు లైన్ అవుట్ నుంచి పెద్ద జాక్‌కు కేబుల్ వేసి, ఇన్‌స్ట్ బటన్ ఆపి, వచ్చే శబ్దాన్ని పెంచే గెయిన్ నాబ్ కిందికి తిప్పి మొదలువెట్టాలె. పాటల గట్టి చోటు –12, –6 డెసిబెళ్ల మధ్య ఉంటే సరి. నాబ్ చుట్టున్న వెలుగు పచ్చగ ఉండాలె, ఎర్రగైతే ఆ ముక్క పోయినట్టే, తర్వాత బాగుచేయరాదు. ముందు డెక్కు హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడవాలె. హెడ్డు మురికిగ ఉంటే ఏ కార్డూ ఏం చేయలేదు.

మైకు పనిల డప్పుకు, పన్నెండు మెట్ల కిన్నెరకు పొంతనే లేదు. డప్పుకు గెయిన్ దాదాపు సున్నా, మైకు మూడు నాలుగు అడుగుల దూరం. కిన్నెరకు జానెడు దూరంల కండెన్సర్ మైకు పెడితేనే మెట్ల మీది వేలి మాట గూడ పడుతది. ఫాంటమ్ బటన్ ఒక్కటే, రెండు మైకులకూ ఒక్కసారే పోతది. పాత రిబ్బన్ మైకు ఫాంటమ్‌తోని చెడిపోవచ్చు, అది ఉన్నోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలె. కీబోర్డుకు మిడి పోర్టు లేదు, కావాలంటే ఫోర్‌ఐఫోర్ చూసుకోవాలె.

2023ల నాలుగో తరం వచ్చినంక ఈ మూడో తరానివి సెకండ్‌హ్యాండ్ల గూడ దొరుకుతున్నయి. కొనేముందు ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్, ఒక కండెన్సర్ మైకు వెంట తీసుకపోండ్రి. ఏం గుచ్చకుండ గెయిన్ రెండూ నిండ తిప్పితే రెండు దిక్కుల సుయ్ ఒక్కతీరుగ వినపడాలె. నాబ్ తిప్పేటప్పుడు గరగర ఉండొద్దు. వెనక యూఎస్‌బీ-సి కేబుల్‌ను జర కదిలించి చూడండ్రి, పాట తెగితే ఆ పెట్టె తీసుకోవద్దు.