ఉద్దానం ఆసుపత్రికి రాత్రి కరెంటు: బ్యాటరీ మేలా, హైడ్రోజన్ మేలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల ఫ్రిజ్‌కు, కాన్పు గది దీపాలకు, నీటి మోటారుకు కలిపి రాత్రికి 10 యూనిట్లు అవసరమనుకుందాం. పగటి ఎండను లిథియం బ్యాటరీలో దాచుకోవచ్చు. లేదా సోలార్ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి, ట్యాంకులో నిల్వచేసి, చీకటి పడ్డాక ఫ్యూయల్ సెల్‌తో మళ్లీ కరెంటుగా మార్చుకోవచ్చు.

రోజువారీ వాడకానికి బ్యాటరీదే పైచేయి. పెట్టిన కరెంటులో 85 నుంచి 90 శాతం దాకా తిరిగి ఇస్తుంది కనుక సుమారు 3 కిలోవాట్ల సోలార్ పలకలు సరిపోతాయి. కిలో హైడ్రోజన్ తీయడానికి ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) 50 నుంచి 55 యూనిట్లు తింటుంది. ఆ కిలోతో ఫ్యూయల్ సెల్ ఇచ్చేది 16, 17 యూనిట్లే. అంటే అవే 10 యూనిట్లకు 8 కిలోవాట్ల పలకలు కావాలి. నీటికి కొరత రాదు, కిలోకు 9 లీటర్లే ఖర్చు. కాకపోతే లవణాలన్నీ తీసేసిన నీరే పోయాలి.

హైడ్రోజన్ పక్షాన గట్టి వాదన తుపానుదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లు తీగల మీద పడి, స్తంభాలు నేలకొరిగి, పల్లెలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అయిదు రాత్రులకు సరిపడా బ్యాటరీ కొనడం భారమే, అదీ ఏడాదంతా ఊరికే పడివుంటుంది. హైడ్రోజన్ అయితే 3 కిలోలు చాలు, 30 బార్ల ఒత్తిడిలో (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 30 రెట్లు) ఘనపు మీటరుకు కాస్త మించిన ట్యాంకులో ఇమిడిపోతుంది. అయితే తుపాను వెళ్లాక ఆలస్యమయ్యేది స్తంభాలూ తీగలే గాని ఎండ కాదు. మబ్బు సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో విడిపోతుంది. పలకలు ఎగిరిపోకుండా నిలిస్తే బ్యాటరీ మళ్లీ నిండుతుంది. కాబట్టి రెండు రాత్రులకు సరిపడా బ్యాటరీ పెట్టి, మిగిలిన డబ్బును ఉప్పుగాలికి తుప్పు పట్టని బోల్టులకు, బలమైన బిగింపులకు వెచ్చించడమే నా దృష్టిలో తెలివైన పని. అప్పటికీ భయముంటే 20 లీటర్ల డీజిలు, ఒక చిన్న జనరేటరు ఆ అయిదు రాత్రులూ గట్టెక్కిస్తాయి.

విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్, 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌తో సాయంత్రం 5 నుంచి ఉదయం 7 దాకా నడిచే ఏర్పాటును ఎన్‌టీపీసీ 2021 డిసెంబరులో ప్రకటించింది. అక్కడ నిపుణులుంటారు. గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకొనే వాయువును, పగటి వెలుగులో మంట కూడా సరిగా కనిపించని దాన్ని, రాత్రి ఒక్క నర్సు ఉండే చోట ఎవరు కనిపెట్టుకొని ఉంటారు?

సోలార్ హైడ్రోజన్‌కు తగిన చోటు విశాఖ రిఫైనరీ వంటిది. అక్కడ దాన్ని హైడ్రోజన్‌గానే వాడుకుంటారు కనుక తిరిగి కరెంటుగా మార్చడంలో వచ్చే నష్టమే ఉండదు.