మాడ్రిడ్డా, మెస్సీనా, మద్రాసా: నెల్లూరోడికి ఏ ఫుట్‌బాల్ టీమ్ మేలు?

క్రికెట్‌లో ఈ తలనొప్పి లేదు. ఇండియా ఆడితే ఇండియా. ఐపీఎల్ వచ్చిందంటే మా నెల్లూరులో కొందరు చెన్నై, కొందరు హైదరాబాద్, ఆ రెండు నెలలూ ఇళ్లల్లో సరదా తగాదాలు. ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికే దిక్కు తోచదు. మా అక్క కొడుకు ఇంటర్ అయిపోయి, హాస్టల్ చెర వదిలి ఇంటికొచ్చాడు. చేతికి ఫోన్ వచ్చింది, దాంతోపాటే ఫుట్‌బాల్ పిచ్చీ వచ్చింది. "మామా, ఏ టీమ్‌ని పట్టుకోమంటావ్?" అని మొదలుపెట్టి, నేను నోరు తెరిచేలోపే "ఎక్కువ గెలిచేదేదో చెప్పు చాలు" అనేశాడు.

ఎక్కువ గెలిచేదాన్ని పట్టుకోవడమంత నాసి పద్ధతి ఇంకోటి లేదు. మాంచెస్టర్ యునైటెడ్‌నే తీసుకోండి. 1986 నుంచి 2013 దాకా ఫెర్గూసన్ మేనేజర్‌గా ఉన్నాడు, ఆయన చేతుల్లో 13 ప్రీమియర్ లీగ్‌లు (ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై అంచె లీగ్) వచ్చాయి. గెలిచే టీమ్ కదా అని అప్పట్లో చేరినవాళ్లంతా 2024-25లో అదే టీమ్ 15వ స్థానంలో ఉండటం చూశారు. లివర్‌పూల్ 1990లో లీగ్ గెలిచి, మళ్లీ గెలవడానికి 2020 దాకా ఆగింది. ముప్పై ఏళ్లు! ఈ మధ్య కాలంలో కప్పులన్నీ ఊడ్చుకుపోయిన మాంచెస్టర్ సిటీ కూడా 1998-99లో మూడో అంచె లీగ్‌లో ఆడుకుంటున్న టీమే. 2008లో అబుదాబి డబ్బు వచ్చాక దాని రాత మారింది. లెస్టర్ కథ మరీ విడ్డూరం. 2016లో ఎవరూ ఊహించని విధంగా లీగ్ కొట్టింది, 2023లో చివరి స్థానాల్లో నిలిచి కింది అంచె లీగ్‌కి జారింది, ఏడాదికి పైకొచ్చింది, 2025లో మళ్లీ జారింది. కప్పుల లెక్క చూసుకుని చేరినవాడికి కప్పులు ఆగిపోగానే చూడ్డానికేమీ మిగలదు.

నన్నడిగితే మొదట చూడాల్సింది గడియారం. మ్యాచ్ మనకి ఎన్నింటికి వస్తుంది?

ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్ మనకి ఆగస్టులో రాత్రి ఏడున్నరకి వస్తుంది. అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. అందుకని నవంబరు నుంచి మార్చి చివరిదాకా అదే మ్యాచ్ ఎనిమిదిన్నరకి. అన్నం తిని కూర్చుంటే పదిన్నరకల్లా అయిపోతుంది. మధ్యాహ్నం పన్నెండున్నర మ్యాచ్ అయితే సాయంత్రం ఐదుకో ఆరుకో. సాయంత్రం ఐదున్నర మ్యాచ్ మాత్రం మనకి పదికో పదకొండుకో పడుతుంది, ఇంట్లో లైట్లు ఆర్పేస్తారు. స్పెయిన్‌లో రాత్రి తొమ్మిదింటి మ్యాచ్ మనకి వేసవి గడియారంలో పన్నెండున్నర, చలికాలంలో ఒంటిగంటన్నర. మంగళ, బుధవారాల్లో వచ్చే చాంపియన్స్ లీగ్ (యూరప్‌లోని మేటి క్లబ్బుల కప్పు) మ్యాచ్‌లూ ఎక్కువగా ఆ వేళకే. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ ఒకదానితో ఒకటి తలపడేటప్పుడు చాలాసార్లు అక్కడి సాయంత్రం నాలుగుంపావుకే పెడతారు కాబట్టి అది మనం చూడగలం. కానీ ఏడాదికి ఆ రెండు మ్యాచ్‌ల కోసం మిగతా సీజన్ అంతా పొద్దున లేచి స్కోరు చూసుకునే అభిమానం ఏం అభిమానం?

మాడ్రిడ్ ఎవరికీ పనికిరాదని కాదు. విడవలూరు వైపు మా పెదనాన్న కొడుకు ఒకడు రొయ్యల చెరువులు చేస్తాడు. రాత్రి గడిచేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే ఆ పంట గోవిందా. అందుకని గట్టు మీద షెడ్డులో ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి. మా అన్న ఫోన్‌ని ఫీడు బస్తాకి ఆనించి పెట్టి, చెవిలో ఒకవైపే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు. రెండో చెవి ఏరియేటర్ల మోత కోసం. మోతలో తేడా వచ్చిందా, ఎంత పెద్ద పెనాల్టీ అయినా సరే, టార్చి పట్టుకుని లేచిపోతాడు. వాడు రియల్ మాడ్రిడ్ అభిమాని. 15 సార్లు యూరప్ కప్పు గెలిచిన టీమ్, అందులో ఎన్నో వాడు మేలుకుని ఉండే వేళకే. వాడికి అంతకంటే మంచి టీమ్ లేదు. పొద్దున ఎనిమిదింటికి కాలేజీ బస్సెక్కాల్సిన మావాడికి అంతకంటే చెడ్డ టీమూ లేదు.

యాప్‌ల ఖర్చు కూడా ఉందండోయ్. ప్రీమియర్ లీగ్ జియోహాట్‌స్టార్‌లో, చాంపియన్స్ లీగ్ సోనీలో, స్పెయిన్ లీగ్ ఫ్యాన్‌కోడ్‌లో. మాడ్రిడ్‌ని పూర్తిగా చూడాలంటే రెండింటికి కట్టాలి. ఇంగ్లండ్‌లో యూరప్ పోటీలకు వెళ్లని టీమ్ అయితే లీగ్ వరకు ఒక్క దాంతో సరి.

ఇక టీమ్‌ని కాదు, మనిషిని పట్టుకుంటానంటారు కుర్రాళ్లు. మెస్సీ ఎక్కడుంటే అక్కడ. ఇందులో సుఖం ఉందని ఒప్పుకుంటా. 2022 డిసెంబర్ 18న ఖతార్‌లో ఫ్రాన్స్‌తో ఫైనల్ 3-3 అయ్యి, పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచిన రాత్రి ఫుట్‌బాల్ ఊసే ఎత్తని ఇళ్లల్లో కూడా కేకలు వినపడ్డాయి. కానీ మనిషి వెంట పోతే ఊళ్లు మారుతూనే ఉండాలి. 2021లో బార్సిలోనా వదిలి పారిస్, 2023లో మయామీ. మయామీ సాయంత్రం ఏడున్నరకి ఆడే మ్యాచ్ మనకి వేసవిలో తెల్లవారుజామున ఐదింటికి. పాల ప్యాకెట్ తెచ్చే వేళకి మెస్సీ! రొనాల్డో సౌదీ వెళ్లాక వాడి మ్యాచ్‌లు మనకి కాస్త మంచి టైముకే వస్తున్నాయి, కాకపోతే అక్కడి మిగతా టీముల పేర్లు ఎంతమందికి తెలుసు? పైగా ఆటగాడికి వయసవుతుంది. ఇద్దరూ ఇంకెన్నాళ్లో ఆడరు. మావాడి వయసు పద్దెనిమిది, వాడికి ముందు నలభై యాభై ఏళ్ల అభిమానం ఉంది.

మనూరి టీమ్ సంగతి చెప్పాలంటే గొంతు కాస్త సవరించుకోవాలి.

తెలుగువాళ్లకి ఫుట్‌బాల్ రాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్‌ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ దేశానికి కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం. తర్వాత చాలా ఏళ్లకి, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు ఎత్తింది. కరోనా వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది కాబట్టి కప్పు కొట్టిన ఏడాది సొంత స్టేడియం గచ్చిబౌలిలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. మరుసటేడు రెండో స్థానం. ఆ తర్వాత జీతాల గొడవలు, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోవడం, 2023-24లో మొత్తం సీజన్‌కి ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగున. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చి కాసేపు బంతి తన్ని వెళ్తే చూడ్డానికి టికెట్లు కొని మరీ పోయారు జనం. ఆ డబ్బులో కొంతయినా, ఆ ఉత్సాహంలో కొంతయినా గచ్చిబౌలికి దక్కుంటే అనిపిస్తుంది నాకు. సరే, పోయినదాని గురించి ఏడ్చి లాభం లేదు.

చరిత్రే కావాలంటే మోహన్ బగాన్ ఉంది. 1889లో పుట్టిన క్లబ్బు, 1911 జులై 29న ఎక్కువమంది ఉత్తి కాళ్లతోనే ఆడి ఇంగ్లిషు సైనిక జట్టుని 2-1తో ఓడించింది. గొప్పే, కానీ అది కలకత్తా వాళ్ల ఇంటి దైవం, మనం దణ్ణం పెట్టి రావాల్సిందే. కేరళ బ్లాస్టర్స్ జనం కొచ్చిలో స్టేడియాన్ని పసుపు చేసేస్తారు, ఐఎస్ఎల్‌లో మూడు ఫైనల్స్ ఓడినా తగ్గలేదు. అదీ దూరమే.

మిగిలింది చెన్నైయిన్, ఐఎస్ఎల్‌లో చెన్నై టీమ్. మా పెద్దవాళ్లకి ఇప్పటికీ మద్రాసే. పెళ్లి పట్టుచీరలకి మద్రాసు, పెద్దాసుపత్రికి మద్రాసు, విమానానికి మద్రాసు. ఫుట్‌బాల్‌కి మాత్రం ఎందుకు కాకూడదు? నెల్లూరు నుంచి దాదాపు 175 కిలోమీటర్లు, ఒంగోలు నుంచి మూడొందలకి అటూ ఇటూ. అక్కడి నెహ్రూ స్టేడియం పెరియమేడులో ఉంది, సెంట్రల్‌లో రైలు దిగితే నడిచిపోవచ్చు. ఒంగోలు, నెల్లూరుల్లో పొద్దున పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి సెంట్రల్. రాత్రి ఏడున్నర మ్యాచ్ తొమ్మిదిన్నరకి అయిపోతుంది. వచ్చేటప్పుడు రైలు టైములు కుదరకపోతే మాధవరం పోవాలి, మనవైపు బస్సులు అక్కణ్ణించే.

ఈ టీమ్ కప్పులు రెండు, 2015లోనూ 2018లోనూ. 2015ది మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది. ఆ ఏడాది నవంబర్, డిసెంబర్ వానలు ముందు మనల్ని ముంచాయి, తర్వాత చెన్నైని ముంచాయి. సెమీఫైనల్ సొంతూళ్లో ఆడే వీల్లేక పుణె వెళ్లి ఆడారు, కలకత్తాని 3-0తో కొట్టారు. ఫైనల్ గోవాలో, గోవా మీదే. 87వ నిమిషంలో గోవా 2-1 ఆధిక్యంలోకి వెళ్లింది, స్టేడియం ఊగిపోయింది. 90వ నిమిషంలో గోవా గోల్‌కీపర్ చేతులమీదుగానే బంతి సొంత గోల్‌లో పడింది. ఆ వెంటనే, ఇంజురీ టైములో, చెన్నైయిన్ ఆటగాడు మెండోజా ఇంకోటి కొట్టాడు. 3-2. అన్నట్టు, ఈ క్లబ్బులో ధోనీకి వాటా ఉంది. క్రికెట్‌లో పసుపు జెర్సీ వేసుకునేవాళ్లకి నీలం జెర్సీ అలవాటు చేయడానికి ఆ ముక్క బాగా పనికొస్తుంది.

గ్రౌండ్‌కి ఒక్కసారి వెళ్లొస్తే టీవీలో చూసే పద్ధతే మారిపోతుంది. టీవీ బంతి వెంట పోతుంది. గ్యాలరీలో కూర్చుంటే బంతి లేని చోట ఏం జరుగుతోందో కనపడుతుంది. వెనక నలుగురు డిఫెండర్లు తాడు కట్టినట్టు ఒకేసారి ముందుకి జరగడం, గోల్‌కీపర్ గొంతు చించుకుని వాళ్లని తిట్టడం, కార్నర్ వచ్చినప్పుడు చొక్కాలు పట్టుకుని లాక్కోవడం. ఆఫ్‌సైడ్ అంటే ఏందో ఎన్ని వీడియోలు చూసినా అర్థంకాని మా తమ్ముడికి గ్యాలరీలో ఒక్క మ్యాచ్‌తో బోధపడింది. పాటలన్నీ అరవంలోనే, అయితే ఏం, సరిహద్దు జిల్లా వాళ్లం, సగం మనకి తెలిసిన మాటలే.

చెన్నైయిన్‌లో లోటు లేదనను. ఈ మధ్య ఆట అంతంతమాత్రం. దేశంలో లీగ్ పరిస్థితీ అంతే. 2025లో ఫెడరేషన్‌కీ నిర్వాహక సంస్థకీ మధ్య ఒప్పందం తేలక సీజన్ వేళకి మొదలే కాలేదు, బెంగళూరు క్లబ్బయితే ఆటగాళ్ల జీతాలే ఆపేసింది. హైదరాబాద్‌కి జరిగింది రేపు ఇంకెవరికైనా జరగొచ్చు. అందుకే చెన్నైయిన్ ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. దానికి తోడు ఇంగ్లండ్‌లో ఒకటి ఉండాలి.

ఏది? నా ఓటు పెద్ద టీములకి కాదు, మధ్యలో ఉండేవాటికి. ఎవర్టన్, ఫుల్హామ్ లాంటివి. పెద్ద టీముల మ్యాచ్‌లని అక్కడి టీవీల కోసం ఆదివారానికీ రాత్రులకీ జరుపుతూనే ఉంటారు. శనివారం మూడింటి మ్యాచ్‌లు మధ్య టీములకే ఎక్కువ పడతాయి. తమాషా ఏందంటే, స్టేడియాలకి జనం తగ్గకూడదని ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం ఆ వేళ మ్యాచ్‌లు టీవీలో వేయకూడదన్న నిబంధన ఉంది. లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ అభిమాని ఇంట్లో కూర్చుని చూడలేని మ్యాచ్ నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో సోఫాలో కూర్చుని చూడొచ్చు.

మావాడికి ఈ మాట చెబితే మొహం ముడుచుకున్నాడు. "ఎవర్టన్ జెర్సీ ఎవడేసుకుంటాడు మామా, ఫ్రెండ్స్ నవ్వుతారు" అన్నాడు. నవ్వనీ. 1954 నుంచి ఒక్కసారి కూడా కింది లీగ్‌కి జారని టీమ్ అది. 2023-24లో ఖర్చుల నిబంధనలు దాటినందుకు మొత్తం ఎనిమిది పాయింట్లు కోసేసినా నిలబడింది. చివరి కప్పు 1995లో. కప్పు వస్తే అది వార్త అవుతుంది, రాకపోతే జారిపోకుండా చేసే పోరాటంలోనే కావలసినంత ఉత్కంఠ. టేబుల్‌లో పైన ఇద్దరు ముగ్గురు కప్పు కోసం ఆడుతుంటే, కింద ఏడెనిమిది టీములు ప్రాణం కోసం ఆడతాయి. ఏప్రిల్, మే నెలల్లో నాకు కిందిదే రసవత్తరం.

పక్కన ఎవరు కూర్చుంటారన్నదీ చూసుకోవాలి. మా ఒంగోలు స్నేహితుడు లివర్‌పూల్. అదీ నేను ఎవర్టన్ వైపు మొగ్గడానికి ఒక కారణం. నూట ముప్పై ఏళ్లు ఆ రెండు టీముల స్టేడియాలూ ఒకే పార్కుకి అటొకటి ఇటొకటి ఉండేవి. ఎవర్టన్ 2025లో రేవు ఒడ్డున కొత్త స్టేడియానికి మారింది. అవి రెండూ తలపడే రోజు వాడు పొద్దుట్నుంచే ఫోన్ చేసి "ఏంబ్బా, ఈసారి ఎన్ని తింటారు?" అని మొదలుపెడతాడు. ఇద్దరం ఒకే టీమ్ అయితే ఆ ఫోనే ఉండదు. కాబట్టి దగ్గరివాళ్లు ఏ టీమో కనుక్కుని, దాని శత్రువుని పట్టుకోవడం తెలివైన పని. స్నేహితుడు ఆర్సెనల్ అయితే టాటెన్‌హామ్, యునైటెడ్ అయితే సిటీ. అదొక్క కారణానికైతే సిటీని పట్టుకున్నా తప్పు పట్టను.

జెర్సీ విషయానికొస్తే, ట్రంకు రోడ్డు మీద కాపీలు దొరుకుతాయి, మొదటి ఏడాదికి అవి చాలు. అసలుది కొనేటట్టయితే కొత్త డిజైన్లు ఏటా మారతాయి కాబట్టి సీజన్ మధ్యలో, రేటు తగ్గినప్పుడు కొనండి. వీపు మీద ఆటగాడి పేరు వేయించొద్దు. వచ్చే జనవరిలో వాణ్ణి అమ్మేస్తారు. నంబరు వరకు వేయించి ఊరుకోండి, లేదా మీ ఇంటిపేరు వేయించుకోండి.